నల్లగుర్రం పటం మీది అద్దం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళు నా దుకాణం ముందు ఎక్కువసేపు నిలబడేవాళ్ళు కాదు. నేను నిలబడనిచ్చేవాణ్ణి కాదు. నల్లగొండలో పటాలు కట్టే దుకాణం నాది. చుట్టుపక్కల ఎవరు పోయినా నాలుగు రోజుల్లో వాళ్ళ ఫొటో నా బల్ల మీదికి వచ్చేది. పొద్దంతా చచ్చిపోయినవాళ్ళ మొహాలు తుడిచి, అద్దం బిగించి, మేకులు కొట్టేవాడికి దయ్యాలు ఏం కొత్త? వాళ్ళలో ఒక్కరు కూడా నన్ను ఏమీ అనలేదు. మా నాయిన మగ్గం నేసేవాడు. ఆ పని నాకు అబ్బక ఇందులోకి వచ్చాను. కంటితో చూసింది, చేత్తో పట్టుకున్నది తప్ప మరొకటి నమ్మే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఈ మాట ముందే చెప్పుకోవడం ఎందుకంటే, కింద రాసింది చదివి నన్ను పిరికివాడని అనుకుంటారేమోనని. అనుకుంటే అనుకోండి. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఇది యాభైల చివరి సంగతి. ఆ రోజుల్లో దేవుడి పటాల తర్వాత నా దగ్గర ఎక్కువగా పోయేవి యుద్ధం బొమ్మలు. పాతకాలం చిత్రకారులు వేసిన యుద్ధాలను రంగుల్లో అచ్చువేసి హైదరాబాదులో అమ్మేవాళ్ళు. కోటగోడలు, ఏనుగులు, బల్లేలు, పొగ. ఒకప్పుడు అలాంటివి దొరల గడీల్లోనే ఉండేవి. చెప్పులు చేతిలో పట్టుకుని గడి గడప దగ్గర నిలబడినవాళ్ళు వాటిని దూరం నుంచి చూసేవాళ్ళు. గడీలు ఖాళీ అయ్యాక, అదే బొమ్మ తమ ఇంటి గోడ మీద ఉండాలని వాళ్ళకే కోరిక పుట్టింది. అలాంటివాళ్ళకు కట్టి ఇవ్వడం నాకు సంతోషంగా ఉండేది.

అన్నిటికన్నా బాగా పోయేది నల్లగుర్రం బొమ్మ. కోట ముందు ఒక గుర్రం ముందుకాళ్ళు లేపి నిలబడి ఉంటుంది. బొమ్మ నడుమంతా దాని మెడ, ఛాతీ. కాటుక పూసినట్టు నలుపు. ఆ నలుపును గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అప్పుడు మాకు అద్దాలకు ఎప్పుడూ కరువే. పాత ఫొటో స్టూడియోల్లో గాజు పలకలు ఉండేవి. ఫొటో ముందు పలక మీద పడేది, దాని నుంచి కాగితం మీదికి తీసేవాళ్ళు. పాతబడ్డ పలకలను స్టూడియోవాళ్ళు మాకు ఇచ్చేసేవాళ్ళు. మేము వాటిని వేడి సోడా నీళ్ళలో నానబెట్టి, పైపొర గీకేసి అద్దాలుగా వాడుకునేవాళ్ళం. ఎన్ని పెళ్ళి జంటలను ఆ తొట్టిలో కడిగేశానో నాకే తెలియదు.

ఒక చలికాలం మధ్యాహ్నం, భుజాన గొంగడి వేసుకున్న ఒక ముసలామె దుకాణం ముందు ఆగిపోయింది. వెనుక ఒక పడుచు పిల్ల. ముసలామె నల్లగుర్రం బొమ్మను చూస్తూ చాలాసేపు కదలలేదు.

"గీ గుర్రమే," అంది చివరికి. "గీ గుర్రమే మా బీరడు జెప్పింది."

"బీరడెవరు, అవ్వా?"

"నా కొడుకు. దొర గొర్లు గాశెటోడు. గడి గడపకాడ నిలవడి దీన్నే జూశెటోడు. ఇంటికొచ్చి, గుర్రం ఎట్ల లేశిందో చేతులు లేపి జూపెట్టేటోడు."

ఆమె పేరు సాయవ్వ. తిరుమలగిరి దిక్కున ఒక పల్లెలో కురుమలు. కొడుకు బీరయ్య దొరల మీద తిరుగుబాటు గొడవల కాలంలో ఒకరోజు ఇల్లు విడిచి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళయింది. బతికి ఉన్నాడో లేడో తెలియదు. ఆమె మూడు నెలలకోసారి జిల్లా కచేరీకి వచ్చి అడిగిపోతుంది. వెనుక ఉన్న పిల్ల అతని భార్య కొమురమ్మ. కాపురానికి వచ్చిన ఏడాదికే మొగుడు కనబడకుండా పోయాడు.

"ఫొటో ఏమన్నా ఉన్నదా కొడుకుది?" అని అడిగాను, వృత్తి అలవాటు కొద్దీ.

"మా పోరడు ఎన్నడు ఫొటో దిగలే. ఫొటో ఉంటే ఈ గుర్రాన్ని ఎందుకు కొంటుంటి?"

పటం ఆ రోజే కావాలంది. బస్సు నాలుగింటికి. బొమ్మ ఉంది, చట్రం ఉంది, ఆ కొలతకు అద్దం మాత్రం లేదు. తొట్టిలో అప్పుడే వేసిన ఒక పెద్ద పలక ఉంది. ఇంకా సరిగ్గా నానలేదు. ఆదరాబాదరాగా తీసి, గీకి, తుడిచి బిగించాను. నడుమ పల్చగా మసక మిగిలింది. నల్లటి బొమ్మ మీద ఏం కనబడుతుందిలే అనుకున్నాను.

కొమురమ్మ కంటికి అది ఆనింది. "అన్నా, అద్దం మీద ఏందో మసక ఉన్నది," అంది.

"తుడుస్తే పోతది తియ్యమ్మా," అన్నాను. తుడిస్తే పోదని నాకు తెలుసు. పటాలు కట్టే ఇన్నేళ్ళలో కొనేవాళ్ళతో నేను ఆడిన అబద్ధాలు తక్కువే. దీనికి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడు వారాల తర్వాత ఒక పెద్దమనిషి నా దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. కొమురమ్మ తండ్రి ఐలయ్య. దండం పెట్టాడు కానీ మొహం నిండా కోపం ఉంది.

"నువ్వు కట్టిచ్చిన పటం నా బిడ్డ బతుకు మీదికి వచ్చింది," అన్నాడు.

సంగతి ఏమిటంటే, వాళ్ళ కులంలో మొగుడు పోయిన పిల్లకు మళ్ళీ పెళ్ళి చేస్తారు. మారుమనువు అంటారు. అందులో తప్పు లేదు, అడ్డు లేదు. కానీ మొగుడు లేడని అత్తింటివాళ్ళు కులపెద్దల ముందు చెప్పాలి. బీరయ్య విషయంలో ఆ మాట చెప్పడానికి సాయవ్వ తొమ్మిదేళ్ళు ఒప్పుకోలేదు. ఆ యేడు ఎలాగో ఒప్పుకుంది. జనగామ దిక్కున భార్య పోయిన మంచివాడు ఒకడు ముందుకొచ్చాడు. పున్నమి వరకు చూస్తానన్నాడు. ఇంతలో నా పటం ఆ ఇంటి గోడకెక్కింది. పొద్దు వాలేవేళ గుర్రం ఛాతీ మీద ఒక మొహం కనబడుతోందట. అది బీరయ్యదేనట. "నా కొడుకు బతికే ఉన్నడు, ఇంటికొచ్చిండు, పెండ్లాన్ని పంపను" అని సాయవ్వ కూర్చుంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. దయ్యం భయం కాదు. ఏం జరిగిందో నాకు అర్థమైపోయింది. పలక మీద వెలుగు నీడలు తిరగబడి ఉంటాయి; సగం కడిగిన అలాంటి పలకను నల్లటి దాని మీద పెడితే, అందులోని మనిషి మామూలు ఫొటోలాగా తేలుతాడు. ఎవరి మొహమో ఆ ముసలామెకు కొడుకు మొహంలా తోచింది. నా తొందరపాటు వల్ల ఒక ఆడపిల్ల పెళ్ళి ఆగింది. మరునాడే ఐలయ్యతో బస్సెక్కాను.

మేము చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పడమటి వాకిలి ఇల్లు. పటం వాకిలికి ఎదురుగోడ మీద ఉంది. దాని కిందే సాయవ్వ కూర్చునే చోటు. కొమురమ్మ దర్వాజను ఆనుకుని ఉన్ని వడుకుతోంది. నేను దగ్గరికి వెళ్ళి చూస్తే గుర్రం, మసక, అంతే.

పొద్దు దిగుతున్నకొద్దీ ఎండ గడప దాటి లోపలికి పాకింది. గోడ ఎక్కింది. చట్రం అంచును తాకింది. తర్వాత అద్దం మీద పడింది.

మొహం కనబడింది. అరచేతిలో పట్టేంత మొహం. ఇరవై ఏళ్ళవాడు. పల్చటి మీసం. ఎడమ కనుబొమ్మ నడుమ తెగిన గీత. కళ్ళు తెరిచి ఉన్నాయి. నేను వెయ్యి మొహాలకు అద్దాలు కట్టాను. ఫొటో దిగినవాడు కెమెరాను చూసే చూపు నాకు తెలుసు. ఈ చూపు అది కాదు. నా భుజం పక్క నుంచి వాకిలి దిక్కు చూస్తున్నాడు.

"కనుబొమ్మ మీద పొట్టేలు కొమ్ము తాకిన దెబ్బది," అంది సాయవ్వ నెమ్మదిగా. "పదేండ్లప్పుడు తాకింది."

నేను పలక సంగతి చెప్పాను. ఎవరో స్టూడియోకు వచ్చి దిగిన ఫొటో అనీ, తప్పు నాదనీ చెప్పాను. ఆమె నావైపు చూడను కూడా లేదు. పటం తీసుకెళ్ళి ఎవరిదో కనుక్కుని వస్తానంటే గోడకు అడ్డంగా నిలబడింది.

అప్పుడు కొమురమ్మ కదురు పక్కన పెట్టింది.

"తీస్కపోనియ్యత్తా. ఆయన ఉంటే ఉన్నడని చెప్పుండ్రి, లేకుంటే లేడని చెప్పుండ్రి. నడుమ నన్ను నిలవెట్టకుండ్రి," అంది. నాకైతే తల ఎత్తబుద్ధి కాలేదు.

ఎనిమిది రోజుల్లో పటం తిరిగి తెస్తానని మాట ఇచ్చాను.

నల్లగొండకు వచ్చిన మరునాడు ఉదయం మేకులు ఊడదీసి అద్దం విప్పాను. నల్లగుడ్డ మీద పెట్టి వెలుతురుకు వంచాను. అదే మొహం. అదే మీసం, కనుబొమ్మ మీద అదే గీత.

కళ్ళు మూసుకుని ఉన్నాయి.

గుడ్డ మార్చాను. పలక తిప్పాను. భూతద్దం పెట్టి చూశాను. రెప్పలు గట్టిగా మూసి, పెదవులు కొంచెం విడిచి ఉన్నాయి. తల వెనుక ఇసుక. గాజు అంచున, భుజం దగ్గర, బడిపిల్లలు రాసే పలక మూల ఒకటి, దాని మీద సగం అంకె. ఇది ఎవరూ నిలబడి దిగిన ఫొటో కాదు.

పలకలు ఇచ్చిన స్టూడియో ముసలాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన చూడగానే తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఇది నీకు ఇయ్యవలసింది కాదు," అన్నాడు. "గొడవలప్పుడు వాగు ఇసుకల దొరికిన శవాలు. ఎవరన్న గుర్తువడ్తరని ఫొటోలు తియ్యమన్నరు. పక్కన పలక మీద నంబరు వెట్టి తీసిన. గుర్తువట్టనీకి ఎవ్వరు రాలే."

ఆయన్ను ఒకటే అడిగాను. కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా అని.

"శవం కండ్లు తెరిచి జూస్తదా? అన్ని మూసే ఉండె," అన్నాడు విసుగ్గా.

కనుబొమ్మ మీది గీత కలిసింది, కాలం కలిసింది; కాబట్టి సాయవ్వ చెప్పిందే నిజం. అది బీరయ్యే. తన కొడుకేనన్న మాట నిజమై, బతికే ఉన్నాడన్న మాట అబద్ధమైంది. నా తొట్టిలోకి వచ్చిన వందల పలకల్లో ఆ ఒక్కటి, ఆ పూట, ఆ తల్లి కొన్న బొమ్మకే ఎలా పడిందని ఎవరైనా అడిగితే, యాదృచ్ఛికం అంటాను. అలాంటివి జరుగుతాయి. నన్ను పీడించింది అది కాదు. కళ్ళు.

మళ్ళీ పటం కట్టాను. అదే బొమ్మ, అదే చట్రం, అదే అద్దం. దుకాణం పడమటి కిటికీ ఎదురుగా తగిలించి మూడు సాయంత్రాలు చూశాను. బొమ్మలో ఆ చోట చుక్కలేమైనా ఉండి కళ్ళలా కనబడ్డాయేమోనని, అదే బొమ్మ మరో ప్రతి పక్కన పెట్టి పోల్చాను. ఉత్త నలుపు. పక్క దుకాణం టైలరును పిలిచి ఏం కనబడుతోందని అడిగాను. "ఎవరో పండుకున్నడు," అన్నాడు. మూడు సాయంత్రాలూ కళ్ళు మూసే ఉన్నాయి. ఆ పల్లెలో నేను చూసింది ముసలామె మాటల ప్రభావమేనని నాకు నేను చెప్పుకున్నాను. సగం నమ్మాను.

ఆరో రోజు మళ్ళీ వెళ్ళాను. పున్నమికి ఇంకా రెండు రోజులుంది. ఇద్దరు కులపెద్దలు వచ్చి కూర్చున్నారు. ఐలయ్య గడప బయట నిలబడ్డాడు. కొమురమ్మ ఎప్పటిలాగే దర్వాజ పక్కన ఉంది. స్టూడియో ముసలాయన చెప్పిందంతా చెప్పాను. వాగు ఇసుక, పక్కన నంబరు, మూసిన కళ్ళు, గుర్తుపట్టడానికి రాని మనుషులు. తల్లికి అలాంటి మాట చెప్పవలసిన అవసరం శత్రువుకైనా రాకూడదు. సాయవ్వ ఏడవలేదు. "తగిలియ్యి," అంది.

అదే మేకుకు తగిలించాను. అందరం ఎండ కోసం చూస్తూ కూర్చున్నాం. గొర్రెలు ఇంకా మేత నుంచి రాలేదు. ఎండ గడప దాటింది. గోడ ఎక్కింది. ఒక పెద్దమనిషి చేతిలో చుట్ట ఆరిపోయింది, ఆయన మళ్ళీ ముట్టించలేదు.

మొహం తేలింది. కళ్ళు తెరిచి ఉన్నాయి.

నేను లేచి నిలబడ్డాను. మూసినవి అని ఇప్పుడే చెప్పాను కదా, అందరూ నావైపు చూశారు. ఎడమకు జరిగాను, కుడికి జరిగాను. ఎక్కడి నుంచి చూసినా ఆ చూపు వాకిలి దిక్కే ఉంది.

సాయవ్వ తన చోటు నుంచి లేచి, పటానికి ఎదురుగా వచ్చి నిలబడింది. బహుశా మొదటిసారి అటు నుంచి చూసింది. కొడుకు చూపు వెంట తల తిప్పింది. దర్వాజ దగ్గర కోడలు ఉంది.

"నన్ను జూస్తలేడు," అంది. "దాన్నే జూస్తుండు."

చుట్ట పట్టుకున్న పెద్దమనిషి తల ఊపాడు. "పెండ్లాం దిక్కు జూస్తుండంటే పంపనని చెప్పినట్టే గద, సాయవ్వా."

కొమురమ్మ కళ్ళు దించుకుంది. ఐలయ్య గోడను పట్టుకున్నాడు. ఇక ఆ పిల్ల బతుకు అయిపోయిందనే అనుకున్నాను. నా చేతి పని ఇక్కడికి తెచ్చింది.

సాయవ్వ కొడుకు మొహం మీది నుంచి చూపు తీయకుండానే ఆ పెద్దమనిషితో అంది:

"నీకు ఎర్కలే. మంద ఇడిశేటప్పుడు ఆఖరు గొర్రె బయట వడేదాక తడక వట్టుకొని నిలవడేటోడు మా బీరడు. ఎంత ఎండైనా తడక ఇడిశేటోడు కాదు. ఇప్పుడు గట్లనే నిలవడ్డడు. తొమ్మిదేండ్ల సంది."

కోడలి వైపు తిరిగింది. "కొమురీ, లే బిడ్డా. గడప దాటి మీ నాయినకాడికి నడువు. ఎనక్కి జూడకు."

కొమురమ్మ లేచింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత గడప దాటింది. అందరం ఆమెనే చూశాం. తండ్రి చెయ్యి పట్టుకున్నాక మళ్ళీ పటం వైపు తిరిగాం.

ఎండ ఇంకా అద్దం మీదే ఉంది. మొహం ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

రెప్పలు వాలడం నేను చూడలేదు. చూశానని ఎవరూ అనలేదు. కానీ అంతకు ముందు తెరిచి ఉన్నాయని కొమురమ్మ కాక అక్కడున్న ఐదుగురమూ చెప్పగలం. సాయవ్వ లోపలికి వెళ్ళి కుంకుమ తెచ్చింది. చనిపోయినవాళ్ళ పటానికి పెట్టినట్టు, అద్దం మీద ఆ నుదుటి చోట బొట్టు పెట్టింది. అప్పుడు ఏడ్చింది. తొమ్మిదేళ్ళ ఏడుపు అది. నేను వాకిట్లోకి వచ్చేశాను.

పున్నమి లోపే మాట కుదిరింది. కొమురమ్మ జనగామ దిక్కు వెళ్ళిపోయింది. ఆ తర్వాత సాయవ్వ కచేరీకి రావడం మానేసింది.

దీన్ని నేను చాలామంది చదువుకున్నవాళ్ళకు చెప్పాను. ఎండ వాలు అన్నారు, మసక అన్నారు, మనసు అన్నారు. అవన్నీ నేను ముందే అనుకున్నవి. అదే అద్దం, అదే ఎండ, నా దుకాణంలో మూసిన కళ్ళు ఆ ఇంట్లో రెండుసార్లు ఎందుకు తెరుచుకున్నాయో ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.

చాలా ఏళ్ళకు, అరవైల నడుమ, కొమురమ్మ ఆ పటాన్ని నా దగ్గరికి తెచ్చింది. సాయవ్వ పోతూ దాన్ని ఆమెకే ఇమ్మని చెప్పిందట. చట్రానికి చెదలు పట్టింది. నేను కట్టె మాత్రమే మార్చాను. అద్దాన్ని కడగలేదు, గీకలేదు, కుంకుమ మరక కూడా తుడవలేదు. సాయంత్రం ఎండ వచ్చేదాకా ఆగి, పడమటి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఆమె మాత్రం చూడలేదు. వీధి వైపు తిరిగి నిలబడింది.

"ఎట్లున్నడన్నా?" అని అడిగింది.

"పండుకున్నడమ్మా," అన్నాను.